కోపం నాది, బీపీ ఆయనది

నాకు బీపీ లేదు. ఎప్పుడూ లేదు. ఈ మాట మా ఊళ్లో ఎవరూ నమ్మరు.

నేను ఎలిమెంటరీ స్కూలు టీచర్ని. మూడు తరగతుల పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి పాఠాలు చెప్పిన గొంతు నాది. అక్కడ గొంతు పెంచకపోతే వెనక వరసలో ఉన్నవాడికి అక్షరం చేరదు. ఆ గొంతు ఇంటికొచ్చాక మాత్రం ఎందుకు తగ్గుతుంది? వీధి కుళాయికి ఎవరైనా మోటారు బిగించి నీళ్లన్నీ లాగేస్తుంటే అడుగుతాను. చేపల చెరువు మురుగు తెచ్చి పంటకాలవలోకి వదిలితే అడుగుతాను. అడిగిన ప్రతిసారీ అవతలివాళ్లు జవాబు చెప్పరు. నవ్వుతారు. "టీచరు గారికి బీపీ వచ్చేసిందండోయ్" అంటారు. అంతటితో నా ప్రశ్న చచ్చిపోతుంది. మగవాడు అరిస్తే దానికి కోపమని పేరుంది. ఆడది అరిస్తే మాత్రం అది రోగం.

ఆ మాటే మా ఇంటిని ముంచింది. అందుకే ఇది రాస్తున్నాను. శాంతంగా రాయమని ఎవరైనా అంటే వాళ్లతో కూడా పోట్లాడతాను.

మా ఆయనది కొబ్బరికాయల వ్యాపారం. పాలకొల్లుకి దగ్గర్లోనే మా ఊరు. ఊరి చివర, కాలవ పక్కన మా కొట్టు. తోటల్లో దింపించిన కాయలు అక్కడికి తెచ్చి, ఒలిపించి, లారీలకెత్తించేవారు. ఆ పనిలో అరవకుండా గంట గడవదంటారు. మా ఆయన అరవకుండా ముప్ఫై ఏళ్లు గడిపారు. లారీ రాకపోయినా, కాయ కుళ్లిపోయినా ఆయన నోట వచ్చేది ఒకటే మాట, "పోన్లెద్దూ." పొలం గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ములు పంపకాల దగ్గర కొట్టుకున్నా జనం ఆయన్నే పిలిచేవారు. ఆయన వెళ్లి ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు, సగం గొడవ చల్లారిపోయేదట. "ఆయనది వెన్నలాంటి మనసు, పాపం ఆ టీచరమ్మతో ఎలా వేగుతున్నాడో" అని నా చెవిన పడేలాగే అనుకునేవారు.

మా ఎదురిల్లు మా బావగారిది. మా ఆయనకి సొంత అన్నగారు. ఊరందరి రోగాలకీ ఆయన దగ్గర ఒక వైద్యం ఉంటుంది, అడక్కపోయినా చెబుతారు. మా ఆయన అన్నగారి మాటకి ఎదురు చెప్పగా నేను చూడలేదు.

రెండేళ్ల కిందట ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మ మా వీధికి వచ్చింది. ముప్ఫై దాటినవాళ్లందరికీ బీపీ, షుగరు చూడాలట. మా వరండాలో నీడగా ఉంటుందని అక్కడే బల్ల వేసుకుంది. వీధిలోవాళ్లంతా చేరారు. మా బావగారు కండువా దులుపుకుంటూ వచ్చి కూర్చుని, "ముందు మా మరదలికి చూడమ్మా. మిషను పేలిపోద్దేమో, కాస్త దూరంగా కూర్చో" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు.

నేను చెయ్యి చాపాను. ఆ పట్టీ బిగుసుకుంది, వదులైంది. నర్సమ్మ అంకె చూసి, "బావుందండీ టీచరు గారూ. పైది నూట ఇరవై, కిందిది డెబ్భై ఎనిమిది. మీకేం లేదు" అంది.

"మిషను పాడైనట్టుంది" అన్నారు బావగారు. మళ్లీ నవ్వులు.

ఆ తరవాత మా ఆయన కూర్చున్నారు. పట్టీ వదులయ్యాక ఆ అమ్మాయి అంకె మళ్లీ చూసుకుంది. "కాసేపు కదలకుండా కూర్చోండి బాబాయ్ గారూ" అని ఇంకొకరికి చూసి మళ్లీ వచ్చింది. ఈసారి రెండో చేతికి కట్టింది. ఆమె మొహంలో నవ్వు పోయింది.

"తలనొప్పి గట్రా వస్తుంటుందాండీ?"

"అబ్బే, ఏం లేదమ్మా."

"కళ్లు తిరగడం? ఆయాసం?"

"నాకు జొరం వచ్చి కూడా పదేళ్లయి ఉంటది" అని నవ్వారాయన.

"పైది నూట ఎనభై ఉందండీ. కిందిది నూట పది. చాలా ఎక్కువ. రేపు పొద్దున్నే ఆస్పత్రికి రండి, డాక్టరు గారు చూస్తారు."

ఆ వెంటనే బావగారు చెయ్యి ఊపారు. "వాడికి బీపీ ఏంటమ్మా? వాడు జన్మలో ఎవరి మీదన్నా అరిచాడా? కోపం లేనోడికి బీపీ ఎలా వస్తుంది? పక్కన కూర్చున్నోళ్లది ఎక్కిందేమో చూడు." నా వైపు చూసి కన్ను గీటారు.

ఆ నర్సమ్మ పాపం చిన్నపిల్ల. అయినా చెప్పింది. "కోపానికీ దీనికీ సంబంధం లేదండీ. కోపం వచ్చినప్పుడు కాసేపు పెరిగి తగ్గిపోద్ది. ఇది అలా కాదు, నిద్దరోతున్నప్పుడు కూడా ఉంటది." ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. నాకు ఎక్కింది. మర్నాడు పొద్దున నేనే దగ్గరుండి తీసుకెళ్లాను. అక్కడా అంతే ఉంది. డాక్టరు రోజుకొక టాబ్లెట్ రాశాడు. ఉప్పు సగానికి సగం తగ్గించమన్నాడు.

ఉప్పు దగ్గర మా ఇంట్లో అసలు యుద్ధం మొదలైంది. మా ఆయన అన్నంలో కూర కలిపాక రుచి చూడకుండానే ఉప్పు డబ్బా అందుకునే మనిషి. పెరుగన్నంలోకి ఊరమిరపకాయ, పప్పులోకి అప్పడం, ఆదివారం ఎండురొయ్యలు, ఏ పూటైనా ఆవకాయ. నేను డబ్బా తీసి లోపల దాస్తే ఆయన ఏమీ అనలేదు. "పోన్లెద్దూ" అని లేచి చెయ్యి కడుక్కున్నారు. కాసేపటికి ఎదురింటికెళ్లి మా తోడికోడలు పెట్టిన ఉప్పుచేప పులుసుతో తృప్తిగా భోంచేసి వచ్చారు. ఆ సంగతి నాకు ఎప్పటికో తెలిసింది. గొడవ పడే మనిషితో కనీసం గొడవన్నా పడొచ్చు. "సరే" అని తలాడించి తన పని తాను చేసుకుపోయే మనిషిని ఎక్కడ పట్టుకుంటాం?

టాబ్లెట్లు మాత్రం బాగా పని చేశాయి. మూడు నెలలు తిరిగేసరికి అంకె నూట ముప్ఫైకి దిగింది. నర్సమ్మ సంతోషపడింది. "ఇలాగే వాడండి బాబాయ్ గారూ, మానొద్దు" అంది. నేనూ సంతోషపడ్డాను. ఆయన టాబ్లెట్ జేబులో వేసుకుని కొట్టుకి వెళ్లేవారు, టిఫిను తిన్నాక అక్కడే వేసుకుంటానని.

మా బావగారి దగ్గర వేరే లెక్క ఉంది. వయసుకి వంద కలుపుకోవాలట. అంటే మా ఆయనకి నూట యాభై ఎనిమిది దాకా ఉండొచ్చట. అది ఎవరు చెప్పారంటే "పాతకాలం డాక్టర్లంతా అదే చెప్పేవారు" అంటారు. ఇంకా ఒకటి, ఇంగ్లీషు మందు ఒకసారి మొదలెడితే చచ్చేదాకా వదలదట. "తగ్గిందన్నారు కదరా. తగ్గాక ఇంకా మందెందుకు? కిడ్నీలు పాడైపోతాయ్" అని తమ్ముడికి బోధించారు. గొడుగు పట్టుకున్నాక తడవడం లేదు కదా అని వానలోనే గొడుగు మూసేసినట్టుంది ఆ బోధ. ఇది నా ఎదురుగా చెప్పలేదు. కొట్టులో, కొబ్బరి పీచు గుట్ట పక్కన కూర్చుని చెప్పారు. మా ఆయన తలాడించారు. మర్నాటి నుంచి టాబ్లెట్ జేబులోకి వెళ్లేది, నోట్లోకి కాదు. ఇదంతా నాకు తరవాతే తెలిసింది.

మాఘమాసంలో ఒక పొద్దున నేను స్కూలుకి బయలుదేరుతుంటే కొట్టు నుంచి ఫోను వచ్చింది. ఒలుపు పనిచేసే మనిషి చేశాడు. "అయ్యగారు టీ గ్లాసు జారవిడిచేశారండీ. మాట తేడాగా వస్తందండీ. మూతి పక్కకి లాగేత్తంది."

నేను పరిగెత్తాను. నేను వెళ్లేసరికే ఆయన్ని చాప మీద పడుకోబెట్టి, మా బావగారు కుడికాలికి నువ్వులనూనె రాయిస్తున్నారు. ఇద్దరు మనుషులు అరికాళ్లు రుద్దుతున్నారు. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి ఏదో అనబోయారు. నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు ఏదో శబ్దం. ఆ కళ్లల్లో భయం చూశాను. ముప్ఫై ఏళ్లలో ఆయన కళ్లల్లో నేను ఎప్పుడూ చూడనిది అది.

"అంబులెన్సుకి ఫోను చేశారా?" అన్నాను.

"కంగారుపడకమ్మాయ్. ఎండదెబ్బ" అన్నారు బావగారు.

"మాఘమాసంలో ఎండదెబ్బేంటండీ!"

"నువ్వు అరవకు. నీ అరుపుకి వాడింకా బెదిరిపోతన్నాడు. డాక్టరుకి కబురెట్టాను."

డాక్టరంటే మా ఊళ్లో చిన్నచిన్న జ్వరాలకి సూది వేసే ఆర్‌ఎంపీ. ఆయన వచ్చి, సెలైను పెట్టి, "నీరసం అండీ, ఇది ఎక్కితే లేస్తారు" అన్నాడు. సీసాలో బొట్టుబొట్టుగా పొద్దు కరిగిపోతోంది. రాజమండ్రిలో ఉన్న మా అమ్మాయికి ఫోను చేశాను. అది బ్యాంకులో పని చేస్తుంది. నా మాట పూర్తి కాకుండానే, "అది పక్షవాతం అమ్మా. ఆ సెలైను పీకేయండి, ఉన్నపళాన ఇక్కడికి తీసుకొచ్చేయండి. నేను ఆస్పత్రిలో చెప్పి ఉంచుతా, నరాల డాక్టరున్నారు. టైము చాలా ముఖ్యం" అని అరిచింది. నా గొంతు దానికి వచ్చినందుకు ఆ రోజు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

అంబులెన్సు వద్దన్నారు బావగారు. వాళ్లు ఎక్కడికో తీసుకుపోతారట, మన కారు ఉందిగా అన్నారు. డ్రైవరు పక్కన ఆయన కూర్చున్నారు. వెనక సీట్లో మా ఆయన తల నా ఒళ్లో పెట్టుకుని నేను కూర్చున్నాను. ఆయన ఎడమచెయ్యి నా కొంగు పట్టుకుని ఉంది. కుడిచెయ్యి కట్టెలా కిందికి వేలాడుతోంది. మార్టేరు దాటాం. నేను ఆయన మొహమే చూస్తున్నాను. తల ఎత్తి చూసేసరికి కారు తణుకు సెంటర్లో ఉంది, తాడేపల్లిగూడెం వైపు తిరుగుతోంది.

"ఇటెందుకండీ? రాజమండ్రి అటు కదా?"

బావగారు వెనక్కి తిరగలేదు. "జంగారెడ్డిగూడెం అవతల ఒకాయన పసరు మందు వేస్తాడమ్మా. పక్షవాతానికి పెట్టింది పేరు. మూడు పూటలేస్తే లేచి నడిచొస్తాడు. రాజమండ్రి వెళ్తే వాళ్లు తలకోసి పెడతారు."

నేను ఆ క్షణంలో ఏమన్నానో అన్నీ రాయలేను. ముప్ఫై ఏళ్లుగా బావగారి ముందు చెంగు సర్దుకుని మాట్లాడిన దాన్ని, ఆయన్ని ఏకవచనంలో తిట్టాను. "కారాపుతావా, తలుపు తీసి దూకమంటావా?" అని డ్రైవరు మీద అరిచాను. తలుపు నిజంగానే తీశాను. డ్రైవరు బెదిరిపోయి బ్రేకు వేశాడు. వెనక లారీ హారను కొడుతోంది. రోడ్డు మీద పళ్లబళ్ల వాళ్లు చూస్తున్నారు. "రాజమండ్రి పోనియ్" అన్నాను. కారు వెనక్కి తిరిగింది. సిద్ధాంతం వంతెన మీద నుంచి గోదారి దాటుతున్నంతసేపూ బావగారు ఎదురుగా రోడ్డే చూస్తూ కూర్చున్నారు. చివరికి రావులపాలెం దగ్గర అనుకుంటా, గొణిగారు. "ఇంత కోపమైతే నీకే ఏదో అయ్యేలా ఉందమ్మాయ్."

ఆస్పత్రిలో తలకి స్కానింగు తీశారు. డాక్టరు చిన్నవాడు, మా అమ్మాయి ఈడు ఉంటాడు. మెదడుకి రక్తం తీసుకెళ్లే గొట్టంలో గడ్డ అడ్డుపడిందన్నాడు. ఎప్పుడు మొదలైందని అడిగాడు. చెప్పాను. వాచీ చూసుకుని పెదవి కొరుక్కున్నాడు.

"గడ్డని కరిగించే ఇంజెక్షను ఒకటుందండీ. మొదలైన నాలుగున్నర గంటల్లోపు వచ్చినవాళ్లకే ఇవ్వగలం. దాటాక ఇస్తే మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఎక్కువ. మీరు దాటిపోయి వచ్చారు."

నువ్వులనూనె, సెలైను, తణుకు. నేను మనసులో ఆ మూడింటినీ వరసగా తిట్టుకుంటున్నాను.

"ఈయనకి బీపీ ఉందాండీ?"

"ఉందండీ. టాబ్లెట్ రోజూ వేసుకుంటారు" అన్నాను.

నా వెనక నుంచి బావగారి గొంతు వినిపించింది, చాలా చిన్నగా. "మానేశాడండీ. సంక్రాంతికి ముందే మానేశాడు. తగ్గిపోయింది కదా అని."

నేను వెనక్కి తిరిగి చూశాను. అంత పెద్దమనిషీ గోడకి ఆనుకుని నిలబడి కండువా కొస నలుపుకుంటున్నారు. అక్కడ నేను అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

డాక్టరు ఆయన వైపు తిరిగి ఓపిగ్గానే చెప్పాడు. "తగ్గింది టాబ్లెట్ వల్లేనండీ. మానేస్తే మళ్లీ పెరగక ఏం చేస్తుంది? మీరు డెల్టావాళ్లు, కాలవ గట్టు సంగతి మీకు తెలుసు. నీళ్లు మోతాదుకి మించి రోజూ ఒరుసుకుంటూ పోతుంటే గట్టు లోపలి నుంచి కరుగుతుంది. పైకి గడ్డి పచ్చగానే ఉంటుంది. రక్తనాళం కూడా అంతే. నొప్పి ఉండదు. లోపలి గోడ దెబ్బతిని గరుకవుతుంది. అక్కడ గడ్డ కడుతుంది. మెదడులో కడితే ఇది. గుండెలో కడితే గుండెపోటు. కిడ్నీలు పాడయ్యేది ఈ బీపీ వల్ల, టాబ్లెట్ వల్ల కాదు. కళ్లు కూడా పోతాయి. కోపిష్టివాళ్లకే వస్తుందనుకుంటారు అందరూ. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది నోట్లో నాలుక లేనివాళ్లే."

ప్రాణం దక్కింది. కుడివైపు పడిపోయింది. మాట పోయింది. ఊళ్లో తగాదాలన్నీ తన మాటతో తీర్చిన మనిషికి మంచినీళ్లు కావాలని చెప్పడం రాలేదు.

ఇంటికి తెచ్చాక నా కోపానికి చోటు లేకుండా పోయింది. పగలు నన్ను పరామర్శించడానికి వచ్చేవాళ్లు ఆయన మంచం చుట్టూ కూర్చుని "ఎంత శాంతమూర్తండీ, ఎవరి దిష్టో" అనేవారు. వాళ్లు వెళ్లాక నేను ఆయన పక్కన కూర్చుని అడిగేదాన్ని. ఎందుకు మానేశారు? నాకెందుకు చెప్పలేదు? ఆ టాబ్లెట్లన్నీ ఏం చేశారు? ఆయన కళ్లల్లోంచి నీళ్లు కారేవి. తుడిచేదాన్ని. జవాబు చెప్పలేని మనిషిని నిలదీయడం కంటే నరకం ఇంకోటి లేదు. అడక్కుండా ఊరుకోవడమూ నా వల్ల కాలేదు.

నెలలు గడిచేకొద్దీ ఆయనలో ఇంకో మనిషి బయటికి వచ్చాడు. మెదడులో దెబ్బ తగిలిన చోటుని బట్టి కొందరికి కోపం, ఏడుపు ఆపుకునే పట్టు పోతుందని డాక్టరు ముందే చెప్పాడు. వ్యాయామం చేయించడానికి వచ్చే కుర్రాణ్ణి ఎడమచేత్తో నెట్టేసేవారు. కూరలో ఉప్పు లేదని కంచం విసిరేశారొకసారి. గోడ మీద పప్పు మరక ఇప్పటికీ ఉంది, సున్నం వేసినా పోలేదు. వీధిలోకి వినపడేలా అరిచేవారు, మాటలు లేని అరుపు.

అది విని చుట్టుపక్కలవాళ్లు ఏమన్నారో తెలుసా? "పాపం, ఇప్పుడు బీపీ బాగా ఎక్కువైపోయినట్టుంది."

ఒకరోజు బంధువుల ఇంట్లో వ్రతానికి వెళ్తే పంక్తిలో నా పక్కన కూర్చున్నావిడ ఇదే మాట అంది. అప్పుడే ఇంటి దగ్గర, ఆస్పత్రి నుంచి వచ్చాక కొన్న మిషనుతో ఆయనకి చూసి వచ్చాను, నూట ఇరవై ఎనిమిది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఆయనకి బీపీ నూట ఎనభై ఉన్నప్పుడు మీరంతా ఆయన్ని శాంతమూర్తి అన్నారండీ" అన్నాను. "ఇప్పుడు మీకంటే బాగుందేమో. మీరెప్పుడు చూపించుకున్నారు చివరిసారి?" గొంతు పెద్దగానే వచ్చింది. పంక్తిలో అందరూ తలెత్తారు. వడ్డించేవాడు చేతిలో గరిటెతో నిలబడిపోయాడు. ఆవిడ, "ఊరికే అన్నానండీ, అంత కోపమెందుకు" అంది. ఎందుకో చెప్పాను. భోజనం చల్లారేదాకా చెప్పాను. కోపం అనేది వచ్చి పోయేదని, ఇది ఇంట్లోకి దూరి మాట్లాడకుండా కూర్చునేదని, దానికి ఒక్కటే సాక్ష్యం చేతికి కట్టే ఆ పట్టీ అని చెప్పాను. ఆ రోజు తరవాత ఆ ఇంటివాళ్లు నన్ను ఏ పేరంటానికీ పిలవలేదు. పిలవకపోతే పోనీ.

ఆయనకి మాట కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. ముందు "ఆ", "ఊ". తరవాత "నీళ్లు". వర్షాకాలం వెళ్లేసరికి ముక్కలు ముక్కలుగా మాట్లాడగలిగారు. ఒక సాయంత్రం వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి కాళ్లకి నూనె రాస్తున్నాను. ఆయనే మొదలుపెట్టారు.

"టాబ్లెట్..." అన్నారు.

నేను చెయ్యి ఆపాను.

"అన్నయ్య... వద్దన్నాడు. నీకు చెబితే..." చాలాసేపు వెతుక్కున్నారు ఆ మాట కోసం. "నువ్వు... అరుస్తావని."

నేను లేచి లోపలికి వెళ్లిపోయాను. వంటింట్లో నిలబడి గిన్నెలన్నీ ఎత్తి సింకులో పడేశాను. అంత చప్పుడు నా జన్మలో చేయలేదు.

ఈ సంగతి చెప్పినప్పుడు కొందరు నావైపు అదోలా చూసి తలాడిస్తారు. చూశావా, నువ్వు కాస్త నెమ్మదిగా ఉండి ఉంటే, అన్నట్టు. మా సొంత చెల్లెలే అంది ఆ మాట. రోజుల తరబడి ఆలోచించాను. ఆ తప్పు నేను మొయ్యను. అన్నగారితో ఒక్క మాట "నేను మానను" అనడానికి మొహమాటపడ్డ మనిషి, భార్య అరుపు తప్పించుకోవడానికి రోజూ జేబులో టాబ్లెట్ పెట్టుకుని అబద్ధమాడిన మనిషి, ఆయన శాంతం ఎవరి కోసం? అందరికీ మంచివాడనిపించుకోవడం కోసం తన ప్రాణాన్నే పణం పెట్టారు. నేను అరిచింది ఆయన బతకాలని. రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టకండి.

మర్నాడు పొద్దున ఆయనతో చెప్పాను. "నేను అరుస్తాను. ఇక ముందు కూడా అరుస్తాను. మీకు నచ్చకపోతే మీరూ అరవండి. చాటుగా మాత్రం ఏదీ చేయకండి." ఆయన నావైపు చూసి, తిరగని నాలుకతో, "ముందు... ఉప్పు... వెయ్యి" అని గట్టిగా అరిచారు. వెయ్యనన్నాను. ముప్ఫై ఏళ్ల కాపరంలో అదే మా మొదటి అసలైన పోట్లాట. ఇద్దరం అలిసిపోయాం. నిమ్మకాయ పిండితే తిన్నారు.

మా బావగారు ఇన్నాళ్లూ తమ్ముణ్ణి చూడ్డానికి నేను స్కూల్లో ఉన్న వేళకే వచ్చేవారు. నేనుంటే గడప తొక్కేవారు కాదు. కిందటి నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను ఉండగానే వచ్చారు. వరండాలో బల్ల దగ్గర కూర్చున్నారు. నేను మంచినీళ్లు ఇవ్వలేదు. ఆయన చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, బల్ల మీద పెట్టి, ఎటో చూస్తూ కూర్చున్నారు.

ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండనిచ్చాను. తరవాత మిషను తెచ్చాను. కోపంతోనే పట్టీ కట్టాను. కాసేపు కూర్చోమని మళ్లీ చూశాను. రెండుసార్లూ పైది నూట డెబ్భై దాటింది.

"నాకేం తెలియడం లేదమ్మా" అన్నారాయన. "బాగానే నడుస్తన్నాను. నిద్ర పడతంది."

"మీ తమ్ముడికీ ఏం తెలియలేదండీ."

లోపల మంచం మీద నుంచి మా ఆయన ఏదో అడుగుతున్నారు. అన్నయ్యకి ఎంత ఉందో కావాలట. చెప్పాను. లోపలి నుంచి ఒక పెద్ద అరుపు వచ్చింది. "రేపే... తీసుకెళ్లు!"

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి, మా తోడికోడల్ని కూడా వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఆవిడకీ చూపిస్తే ఎక్కువే ఉంది. ఇద్దరికీ టాబ్లెట్లు రాశారు. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఇద్దరూ మా వరండాలోకి వచ్చి, నా ఎదురుగా నోట్లో వేసుకుని, నేను ఇచ్చిన నీళ్లతో మింగి వెళ్తారు. జేబులో పెట్టుకుని వెళ్తానంటే ఒప్పుకోనని చెప్పాను.

పెదనాన్నని క్షమించావా అని మా అమ్మాయి ఫోన్లో అడుగుతుంది. లేదు. నీళ్లు ఇస్తాను, గ్లాసు తీసుకుంటాను. మందు సంగతి తప్ప బావగారితో ఇంకో మాట మాట్లాడటం ఇంకా మొదలుపెట్టలేదు.